గోరుచుట్టుకీ పుప్పిగోరుకీ ఒకే ఆయింట్‌మెంటు ఎందుకు పనిచేయదు

ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మందుల షాపుల దగ్గర ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "బాబూ, వేలు ఉబ్బిపోయింది, ఏదైనా ఆయింట్‌మెంటు ఇయ్యి." షాపులో ఉన్న కుర్రాడు ఆ వేలు వైపు సరిగా చూడడు. అరలోంచి ఓ ట్యూబు తీసి ఇస్తాడు. అందులో సాధారణంగా మూడు మందులు కలిసి ఉంటాయి. ఒకటి బ్యాక్టీరియాకి, ఒకటి ఫంగస్‌కి, మూడోది వాపునీ ఎరుపునీ అణిచే స్టెరాయిడ్. మూడింట్లో ఏదో ఒకటి పనిచేయకపోతుందా అని లెక్క. రాసిన రెండు మూడు రోజులకు ఎరుపు తగ్గుతుంది. పనిలోకి దిగుతారు. నెల తిరక్కుండా వేలు మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ అదే ట్యూబు.

గోళ్లకు వచ్చే ఇన్‌ఫెక్షన్లన్నీ ఒకే జబ్బు కాదు. మనవాళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు: ఉన్నట్టుండి వచ్చే గోరుచుట్టు, నెలల తరబడి వదలని గోరుచుట్టు, గోరుకే ఫంగస్ పట్టే పుప్పిగోరు. మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. ఒకదానికి మేలు చేసే మందు ఇంకోదాన్ని ముదరబెడుతుంది. అందుకే వచ్చింది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ట్యూబు సంగతి ఆ తర్వాత.

గోరుకీ చర్మానికీ మధ్య

బయటికి కనిపించే గోరులో ప్రాణం ఉండదు. కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్ పొరలు పొరలుగా పేరుకుని గోరు అవుతుంది. ప్రాణం ఉన్నదంతా గోరు మొదట్లో, చర్మం కింద దాగిన భాగంలో. గోరు అక్కడే పుట్టి ముందుకు జరుగుతూ వస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగమే. ఊడిపోయిన చేతి గోరు పూర్తిగా రావడానికి దాదాపు 6 నెలలు, కాలి బొటనవేలి గోరుకైతే 12 నుంచి 18 నెలలు పడుతుంది. గోరు జబ్బులకు వైద్యం ఎందుకింత నెమ్మదో ఈ అంకెలే చెబుతాయి.

గోరు మొదట్లో చర్మం నుంచి గోరు మీదికి పాకినట్టుగా పల్చని పొర ఒకటి ఉంటుంది. డాక్టర్లు క్యూటికల్ అంటారు. కిటికీ అద్దానికీ చెక్కకీ మధ్య పెట్టిన లప్పం ఏ పని చేస్తుందో, ఇదీ అదే పని చేస్తుంది. సందు మూసి ఉంచుతుంది. అది పోయిందంటే సబ్బు నీళ్లు, బురద, పిండి తడి, వాటితో పాటు క్రిములు నేరుగా చర్మం కిందికి దిగుతాయి. గోరు మొదలు నీట్‌గా కనిపించాలని బ్యూటీపార్లర్లలో ఈ పొరను వెనక్కి నెట్టి కత్తిరించేస్తారు. గోళ్లకు మనం చేసే చెరుపుల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. అది పనికిరాని చర్మం కాదు, దాన్ని తాకకుండా వదిలేయాలి.

ఉన్నట్టుండి వచ్చే గోరుచుట్టు

గోరు పక్కన లేచిన చర్మపు పీలికను పళ్లతో లాగేస్తాం. చేప శుభ్రం చేస్తుంటే ముల్లు దిగుతుంది. పిల్లలు గోళ్లు కొరుకుతారు. ఆ చిన్న గాయంలోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. ఎక్కువగా ఇది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే రకం. రెండు మూడు రోజుల్లో ఆ ఒక్క వేలు ఎర్రబడి, ఉబ్బి, సలుపు మొదలవుతుంది. రాత్రి చెయ్యి కిందికి దించితే చాలు, నిద్ర ఉండదు.

చీము పట్టకముందే గమనిస్తే, గోరువెచ్చని నీళ్లలో 10, 15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచి, వెంటనే పొడిగా తుడుచుకుంటే చాలావరకు తగ్గిపోతుంది. చీము చేరి పసుపుపచ్చగా కనిపిస్తుంటే మాత్రం డాక్టరు చిన్న గాటు పెట్టి తీసేయాలి. చీము లోపలే ఉండగా మాత్రలు ఎన్ని మింగినా సలుపు తగ్గదు. ఇది పెద్ద ఆపరేషనేమీ కాదు, ఎక్కువసేపు కూడా పట్టదు. ఇంట్లో పిన్నీసుతో పొడిచే పని మాత్రం పెట్టుకోకూడదు. పైగా వేలి మీద చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తే అది హెర్పిస్ అనే వైరస్ వల్ల కావచ్చు. దాన్ని అసలు కోయకూడదు, కోస్తే ఇంకా పెరుగుతుంది.

నిమ్మకాయకు కన్నం పెట్టి వేలికి తొడగడం మన ఇళ్లలో చాలామందికి తెలిసిన వైద్యం. తొడిగిన కాసేపు చల్లగా, హాయిగా ఉంటుందన్నది నిజమే. కానీ లోపలి చీముకి ఆ రసం చేరదు. చిట్లిన చర్మం మీద మంట పుట్టిస్తుంది, రాత్రంతా తడిలో నానిన చర్మం ఇంకా మెత్తబడుతుంది. వెల్లుల్లి నూరి కట్టడం దీనికన్నా ప్రమాదం, పచ్చి వెల్లుల్లి చర్మాన్ని నిజంగానే కాల్చి బొబ్బలెక్కిస్తుంది. సున్నం పట్టించడమూ అంతే. పెద్దవాళ్ల మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ మూడూ మానేయడం మంచిది.

వేలి కొన మొత్తం గట్టిగా బిగుసుకుపోయినా, వేలు మడవలేకపోయినా, ఎర్రటి చార చెయ్యి మీదుగా పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇన్ని లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు.

నెలల తరబడి వదలని గోరుచుట్టు

అసలు చిక్కు ఇక్కడుంది. టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బి, గిన్నెలు తోమే మనిషి చేతిని ఒకసారి దగ్గరగా చూడండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటి దగ్గర గోరు మొదట్లో చర్మం గుండ్రంగా ఉబ్బి, నున్నగా మెరుస్తూ ఉంటుంది. క్యూటికల్ ఆనవాలే ఉండదు. అది ఉండాల్సిన చోట అగ్గిపుల్ల కొన దూరేంత సందు. గోరు మీద అడ్డంగా మెట్లు మెట్లుగా గీతలు, పక్క అంచు కాస్త నల్లబడి ఉంటుంది. నొక్కితే ఒక్కోసారి తెల్లగా, మెత్తగా కొంచెం బయటికొస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఆరు వారాలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక గోరుచుట్టు అంటారు. దీనికి క్యాండిడా అనే ఫంగసే కారణమని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు డాక్టర్లకు ఉన్న అవగాహన వేరు. ముందు నీళ్లూ, సబ్బూ, ఉప్పూ, పులుపూ ఆ చర్మాన్ని దెబ్బతీస్తాయి. చర్మం వాస్తుంది, క్యూటికల్ ఊడిపోతుంది. ఆ తెరుచుకున్న సందులో క్యాండిడా, బ్యాక్టీరియా తర్వాత వచ్చి చేరతాయి. అంటే ఇది మొదట చర్మం వాపు, ఇన్‌ఫెక్షన్ ఆ తర్వాతి సంగతి. అందుకే దీనికి డాక్టర్లు కొన్ని వారాల పాటు స్టెరాయిడ్ క్రీము రాస్తారు. అవసరమైతే ఫంగస్ మందు జోడిస్తారు.

మరి షాపులో ఇచ్చిన ట్యూబులోనూ స్టెరాయిడ్ ఉంది కదా, తప్పేముంది అనిపిస్తుంది. తప్పు రెండు చోట్ల ఉంది. చెయ్యి తడిలోనే ఉంటే ఏ క్రీమూ నిలవదు. వాపు తగ్గినట్టు కనిపించినా క్యూటికల్ మళ్లీ అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోగా మళ్లీ నీళ్లు దిగుతాయి. రెండోది ఇంకా పెద్దది. అదే ట్యూబుని తామర మీదా, ఫంగస్ పట్టిన కాలి వేళ్ల మీదా రాస్తే స్టెరాయిడ్ అక్కడి రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది. పైకి ఎరుపు తగ్గుతుంది, కింద ఫంగస్ నిశ్చింతగా పాకుతుంది. మందుకు లొంగని తామర మన దేశంలో ఇంతగా ప్రబలడానికి ఇలాంటి కలగలుపు క్రీముల వాడకం ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో చేర్చింది. అయినా అడిగితే చాలాచోట్ల చీటీ లేకుండానే చేతికొస్తున్నాయి.

ఈ రకం గోరుచుట్టుకి తడి పని తగ్గించడమే మొదటి మందు. చెప్పడం తేలికే. కానీ నాగావళి, వంశధార ఆయకట్టులో నాట్లు వేసే ఆడవాళ్లని చేతులు తడపొద్దంటే ఎలా కుదురుతుంది? భావనపాడు, కళింగపట్నం వైపు చేపలు ఒలిచి, ఉప్పు పట్టించి ఎండబెట్టేవాళ్లకి ఉప్పునీళ్లే బతుకుతెరువు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపరిశ్రమలో పనిచేసేవాళ్లది మరో బాధ. గింజ పెంకులోంచి వచ్చే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, గోరు చుట్టూ చర్మం ఊడొస్తుంది. వీళ్లకి "తడిలో పని మానేయండి" అని రాసిచ్చే సలహా సలహా కాదు.

కుదిరేవి కొన్ని ఉన్నాయి. గిన్నెలు, బట్టలు, చేపల పనికి రబ్బరు గ్లోవ్స్, వాటి లోపల పల్చని నూలు గ్లోవ్స్ వేసుకోవాలి. రబ్బరు ఒక్కటే వేసుకుంటే లోపల చెమటకి చెయ్యి నానిపోతుంది, అది కూడా తడే. నూలు గ్లోవ్స్ రెండు జతలు ఉంచుకుని, తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. జీడి పనిలో గ్లోవ్స్ యజమాని ఇవ్వాల్సిన వస్తువు, కూలి డబ్బుల్లోంచి కొనుక్కోవాల్సింది కాదు. పొలంలో నాట్లు వేసేటప్పుడు గ్లోవ్స్ వేసుకోమనడం అయ్యే పని కాదు కాబట్టి, దిగేముందు గోరు మొదళ్లకీ వేళ్ల సందులకీ వ్యాజిలిన్ దట్టంగా పట్టించడం, గట్టెక్కాక మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో ఒక్కో వేలూ విడిగా ఒత్తుకోవడం మేలు. రాత్రి పడుకునే ముందు మళ్లీ ఓసారి వ్యాజిలిన్. ఇంట్లో తడి పనిని నలుగురూ పంచుకుంటే అన్నిటికన్నా మంచిది. ఆ చేతులకు ఓ రెండు నెలలు గిన్నెల పని తప్పిస్తే ట్యూబుల కన్నా ఎక్కువ గుణం కనిపిస్తుంది.

పుప్పిగోరు

ఇది ఎక్కువగా కాలి బొటనవేలితో మొదలవుతుంది. గోరు కొన కింద తెల్లగానో పసుపుగానో చిన్న మచ్చ కనిపిస్తుంది. అది నెలల తరబడి మెల్లగా వెనక్కి పాకుతుంది. గోరు మందమవుతుంది, రంగు మారుతుంది, కత్తిరిస్తే పిండి పిండిగా రాలుతుంది, చివరికి కింద చర్మం నుంచి విడిపోతుంది. కారణం ఎక్కువసార్లు ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్. కెరాటినే దానికి తిండి. చాలామందికి ఇది ముందు కాలి వేళ్ల సందుల్లో మొదలవుతుంది. చర్మం తెల్లగా నాని, చీరుకుపోయి, దురద పెడుతుంది. దాన్ని అశ్రద్ధ చేస్తే గోరులోకి ఎక్కుతుంది. వయసు పైబడినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, రోజంతా బూట్లలో ఉండే పోలీసులకి, మిల్లు కార్మికులకి, సెక్యూరిటీ గార్డులకి ఎక్కువగా వస్తుంది.

రూపు మారిన ప్రతి గోరూ ఫంగస్ కాదు, సుమారు సగం మాత్రమే. మిగతా సగంలో చర్మం పొలుసులుగా లేచే సోరియాసిస్ ఉంటుంది, చెప్పులు ఒత్తుకుని వచ్చిన దెబ్బలుంటాయి, వయసుతో వచ్చే మందం ఉంటుంది. పుప్పిగోరుకి మాత్రలు మొదలుపెట్టే ముందు పరీక్ష చేయమని డాక్టరుని అడగడం మీ హక్కు. పరీక్ష చాలా చిన్నది. గోరు కొన కత్తిరించి, కింద పేరుకున్న పొడిని గీకి గాజు పలక మీద వేస్తారు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేస్తారు. కాసేపటికి కెరాటిన్ కరిగిపోతుంది. ఫంగస్ ఉంటే మైక్రోస్కోపులో కొమ్మలు చీలిన సన్నని దారాలు కనిపిస్తాయి. శ్రీకాకుళం రిమ్స్‌లోనో విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో చర్మ వైద్యుల ఓపీలో ఈ పరీక్ష గురించి అడగొచ్చు. ముందే మందు రాసేసుకుని వెళితే ఫంగస్ ఉన్నా కనిపించకపోవచ్చు, కాబట్టి ఏం రాశారో, ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి. గోరింటాకు పెట్టుకుని ఉన్నా గోరు అసలు రంగు తెలియదు. ఆషాఢంలో పెట్టుకున్నది చేతి గోళ్ల మీద కొన్ని నెలలు ఉంటుంది. అది ఎప్పుడు పెట్టుకున్నారో కూడా చెబితే మంచిది.

తేలిగ్గా పట్టినప్పుడు గోరు మీద పూసే మందులు చాలొచ్చు. అమోరాల్ఫిన్, సైక్లోపిరాక్స్ లాంటివి నెలల తరబడి పూయాలి. ఎక్కువైతే మాత్రలే. టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, చేతి గోళ్లకు 6 వారాలు, కాలి గోళ్లకు 12 వారాలు అన్నది సాధారణంగా వాడే లెక్క. ముందు కాలేయ పరీక్ష చేయిస్తారు. 12 వారాలు అయిపోయేసరికి గోరు ఇంకా వికారంగానే ఉంటుంది. చాలామంది అప్పుడు నిరాశపడతారు, డాక్టరుని మారుస్తారు. చెడిన గోరు బాగవదు, మొదట్లోంచి కొత్త గోరు వచ్చి దాన్ని ముందుకు నెట్టేయాలి. కాలి గోరుకి దానికి ఏడాది పైనే పడుతుంది. మందు గోరులో నిలిచి, మాత్రలు ఆపాక కూడా కొన్ని నెలలు పనిచేస్తూనే ఉంటుంది.

ఉద్దానంలో ఉన్నవాళ్లకు

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లను పట్టుకున్న చోట గోరు సమస్యకు మాత్ర మింగే ముందు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్త పరీక్షలో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియాలి. టెర్బినఫిన్ చాలావరకు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, అవి బాగా మందగించినవాళ్లకు దాన్ని ఇవ్వరు. గోరుచుట్టు సలుపు తట్టుకోలేక షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అంతకన్నా ప్రమాదం. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని అవి ఇంకా దెబ్బతీస్తాయి. డాక్టరు అడిగినా అడగకపోయినా "మాది ఉద్దానం, కిడ్నీ పరీక్ష చేసి రాయండి" అని మీరే ముందు చెప్పండి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటున్నవాళ్లు ఆ కాగితాలు వెంట తీసుకెళ్లాలి.

గోరు వెనక సగం తెల్లగా, ముందు సగం గోధుమ ఎరుపుగా, మధ్యలో గీసినట్టు విడిపోయి ఉంటే అది ఫంగస్ కాదు. ఎక్కువకాలంగా కిడ్నీ జబ్బు ఉన్న కొందరిలో గోళ్లు ఇలా మారతాయి. అలా చాలా వేళ్లకు ఒకేసారి కనిపిస్తే ఆయింట్‌మెంటు కొనకుండా రక్త పరీక్ష చేయించుకోండి.

ఇంకొన్ని

గోరు కింద ఆకుపచ్చ రంగు దిగితే అది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వదిలే రంగు. విడిపోయిన గోరు కింద తడి నిలిచినప్పుడు వస్తుంది. విడిపోయిన భాగం కత్తిరించి, పొడిగా ఉంచడమే సగం వైద్యం. దాని మీద నెయిల్ పాలిష్ వేసి దాచకూడదు.

గోరులో నిలువుగా నల్లటి గీత విషయం వేరు. మన రంగు వాళ్లకి చాలా వేళ్లలో సన్నని గోధుమ గీతలు ఉండటం మామూలే. పెద్దవాళ్లలో కొత్తగా ఒకే ఒక్క వేలికి వచ్చి, వెడల్పవుతూ, గోరు పక్క చర్మానికి కూడా నలుపు పాకితే మాత్రం ఆలస్యం చేయకూడదు, అది క్యాన్సర్ కావచ్చు. అరుదే, కానీ త్వరగా పట్టుకుంటేనే ప్రాణం దక్కుతుంది. ఇక వేలికి దెబ్బ తగిలినా, కాలినా తెలియనంత తిమ్మిరి ఉంటే అది గోరు జబ్బు కాదు. షుగర్ వల్ల గానీ కుష్ఠు వల్ల గానీ నరం దెబ్బతిని ఉండొచ్చు. రెండింటికీ ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితంగానే ఇస్తారు.

రాకుండా, తిరిగి రాకుండా

కాలి గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలు గుండ్రంగా లోతుకి తీస్తే గోరు పక్క చర్మంలోకి గుచ్చుకుంటూ పెరుగుతుంది, అక్కడ చీము పడుతుంది. ఇంట్లో ఒకరికి పుప్పిగోరు ఉంటే నెయిల్ కట్టర్, తువ్వాలు, చెప్పులు వాళ్లవి వాళ్లకే ఉండాలి. కాలి వేళ్ల సందుల్లో ఫంగస్ ఉన్నవాళ్లంతా ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. బూట్లు వేసుకునేవాళ్లు రెండు జతలు ఉంచుకుని మార్చి మార్చి వేసుకుంటే ఒక జత పూర్తిగా ఆరుతుంది. వానాకాలంలో తడిసిన సాక్సులు ఫ్యాను కింద ఆరబెట్టి సగం తడితోనే పొద్దున్నే తొడుక్కోవద్దు. పార్లరుకి వెళితే క్యూటికల్ ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

పుప్పిగోరుకి మందు మొదలుపెట్టినవాళ్లు ఇంకో పని చేయొచ్చు. చెడిన భాగానికీ, మొదట్లో బాగున్న గోరుకీ మధ్య హద్దు దగ్గర నెయిల్ ఫైలుతో చిన్న గీత గీయండి. అది గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. చేతికైతే నెలకు 3 మిల్లీమీటర్లు, కాలికైతే అందులో సగం. గీత వెనక పెరిగిన గోరు శుభ్రంగా ఉంటే మందు పనిచేస్తున్నట్టే, గోరు మొత్తం ఇంకా వికారంగా ఉన్నా ఆపొద్దు. గీత దాటి పసుపు వెనక్కి పాకిందంటే మందు మార్చాలేమో చూడాలి, లేదా అసలు జబ్బు వేరేదేమో మళ్లీ పరీక్షించాలి. అలా జరిగితే కోర్సు పూర్తయ్యేదాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి.